లెక్క అప్పజెప్పి లేచిన గుమాస్తా

ఏప్రిల్ 15 వచ్చిందంటే రాయపురం పక్కనున్న కాశిమేడు రేవులో మరబోట్లకు కట్లు పడతాయి. తూర్పు తీరమంతా 61 రోజుల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన విరామం అది. జూన్ 14 దాకా బోటు కదలకూడదు. ఆ బోట్ల మీద పనిచేసేవాళ్లలో శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన మన కలాసీలూ ఉన్నారు. కొందరు ఊరికి పోతారు. ఉన్నవాళ్లు నీడపట్టున చేరి చిరిగిన వలలు బాగుచేస్తారు. వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, నైలాన్ దారం చుట్టిన సూదితో ఒక్కో కన్ను అల్లుకుంటూ పోతారు. చేతులు అలా ఆడుతుంటే మనసులో ఒకటే ప్రశ్న: ఈ ఏడు బోటెక్కాలా, మానాలా?

నిజానికి ఈ ప్రశ్న సముద్రం మీద ఉన్నప్పుడే ఎక్కువ బాధిస్తుంది. రాత్రంతా వల లాగినా డీజిలు డబ్బులు కూడా రానినాడు, సరంగు నోటికొచ్చినట్టు తిట్టిననాడు, ఇక చాలనిపిస్తుంది. అనిపించినా నడిసంద్రంలో బోటు దిగి ఎక్కడికి పోతాడు? ఒడ్డుకు చేరాక, తిట్టిన నోరు మరుపున పడ్డాక, చేతిలో సూది పట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చే జవాబుకు కొంత నిలకడ ఉంటుంది. ఆఫీసు ఉద్యోగాలకు ఇలాంటి నిషేధకాలం ఎవరూ ప్రకటించరు. రాజీనామా ఉత్తరం చాలాసార్లు కోపంలోనే టైపవుతుంది.

వదలడంలో రకాలున్నాయని గీత పద్ధెనిమిదో అధ్యాయం చెబుతుంది. మోహంతో కర్తవ్యం వదిలేస్తే అది తామస త్యాగం. కష్టమని, ఒళ్లు నలుగుతుందని భయపడి వదిలితే రాజస త్యాగం. అలా వదిలినవాడికి త్యాగఫలం దక్కదు. ఆసక్తినీ ఫలాన్నీ వదిలి, చేయవలసిన పని చేస్తూ ఉండటం సాత్త్వికం. నిప్పు వెంట పొగ ఉన్నట్టు ఏ పనికైనా ఏదో ఒక దోషం ఉండనే ఉంటుందని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. పొగ లేని ఉద్యోగం కోసం వెతికేవాడు జీవితమంతా కంపెనీలు మారుతూనే ఉండాలి. అలాగని ఈ మాటను జీతం ఎగ్గొట్టే యజమాని చేతికి ఇవ్వకూడదు. కన్నాలు పడ్డ బోటు మీద ప్రాణాలు పణంగా పెట్టి వెళ్లమని గీత ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి బయటపడటానికి శాస్త్రం దాకా పోనక్కర్లేదు, బుద్ధి చాలు.

కాశిమేడు నుంచి తీరం వెంట ఉత్తరానికి పోతే తిరువొత్తియూరు వస్తుంది. అక్కడ పట్టినత్తార్ సమాధి ఉంది. కావేరిపూంపట్టణంలో ఓడవ్యాపారం చేసి కోట్లు గడించిన సెట్టి ఆయన. పెంచుకున్న కొడుకు వ్యాపారానికి వెళ్లివచ్చి ఇచ్చిన పెట్టెలో ఒక తాళపత్రం, చెవి విరిగిన సూది ఉన్నాయట. చివరి ప్రయాణంలో ఆ సూదైనా వెంట రాదని అర్థమై సెట్టి కట్టుబట్టలతో ఇల్లు వదిలాడు. తమిళనాట ఈ కథ తెలియనివాళ్లు తక్కువ. నాకు మాత్రం ఈ కథలో సెట్టి కన్నా ఆయన గుమాస్తా మీదే చూపు నిలుస్తుంది.

ఆ గుమాస్తా పేరు సేందనార్. యజమానికి వైరాగ్యం వస్తే అందరూ దండం పెట్టారు, గుమాస్తాకు మాత్రం జీతం పోయింది. పోతూ పోతూ సెట్టి ఒక పని అప్పగించాడు: కొట్లో ఉన్నదంతా జనానికి పంచేయమన్నాడు. తాళాలు తన దగ్గరే ఉన్నాయి, అడిగేవాడు ఊళ్లో లేడు. సేందనార్ చెప్పినట్టే అంతా పంచిపెట్టాడు. సెట్టి చుట్టాలు రాజుకు ఫిర్యాదు చేస్తే ఆ గుమాస్తానే చెరసాల పాలయ్యాడు. పట్టినత్తార్ శివుణ్ణి వేడుకున్నాక గానీ విడుదల కాలేదంటారు. తర్వాత భార్యాబిడ్డలతో చిదంబరం చేరి, కట్టెలు కొట్టి అమ్ముకుంటూ, రోజూ ఒక శివభక్తుడికి అన్నం పెట్టి తాను తిన్నాడు. ఒక రోజు వాన పడి కట్టెలు అమ్ముడుపోలేదు. ఇంట్లో ఉన్న పిండితో కళి అనే వంటకం చేసి అతిథికి పెడితే, మర్నాడు గర్భగుడిలో నటరాజు ముందు ఆ కళి మెతుకులు కనిపించాయని కథ. ఆరుద్ర దర్శనం పండగనాడు తమిళుల ఇళ్లలో ఈనాటికీ కళి నైవేద్యం పెడతారు.

భక్తి కథగా ఇది ఎంత గొప్పదో, ఉద్యోగం మానడం గురించి చెప్పే కథగానూ అంతే గొప్పదని నాకనిపిస్తుంది. సేందనార్ ఒక కొలువు వదిలాడు, పని వదల్లేదు. కలం పట్టిన చేత్తోనే గొడ్డలి పట్టాడు. పోయే ముందు పైసాతో సహా లెక్క అప్పజెప్పాడు. బోటు ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకున్న కలాసీకి ఇది బాగా తెలుసు: బాకీ తీరకుండా బోటు మారితే ఆ పేరు తన కన్నా ముందే రెండో బోటుకు చేరుతుంది. ఆఫీసుల్లో ఈ అడ్వాన్సు కాగితం మీద కనిపించదు. సగం చేసి వదిలిన పని, పక్కవాడి నెత్తిన పడేసిన ఫైలు, మనల్ని నమ్మి ఎదురుచూస్తున్న కొత్త కుర్రాడు, ఇవన్నీ ఆ ఖాతాలోవే. ఇవి తీర్చాలన్న ఓపిక ఉంటే వెళ్లే వేళ దగ్గరపడిందని నా లెక్క. వీటిని తలచుకుంటేనే చిరాకేస్తోందంటే అది అలసట. నాలుగు రోజుల సెలవు పెడితే సరిపోవచ్చు.

కాశిమేడుకు దక్షిణాన, ఆనుకునే ఉంది మద్రాసు ఓడరేవు. 1912 మార్చి 1న అక్కడి పోర్ట్ ట్రస్టు లెక్కల విభాగంలో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు శ్రీనివాస రామానుజన్. ఆ ఉద్యోగం చెడ్డదేమీ కాదు. పై అధికారి నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవాడు, ఈ కుర్రాడి విలువ పట్టుకున్నవాడు. పోర్టు ఛైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కూడా అండగా నిలిచాడు. తిట్టే సరంగు లేడు, జీతం ఆగలేదు. అయినా అది అతను ఉండిపోవలసిన చోటు కాదు. అతనిలో ఉన్నదాంట్లో వీసమెత్తు కూడా ఆ పద్దు పుస్తకాలకు అక్కర్లేదు. ఇబ్బందులు వెళ్లగొడితే వెళ్లడం ఎవరికైనా తెలుస్తుంది. సుఖంగా ఉన్న కుర్చీలోంచి లేవవలసిన వేళను గుర్తుపట్టాలంటే మనిషికి తన లోపల ఉన్నదాని మీద కొంత భక్తి ఉండాలి. నామగిరి అమ్మవారిని కొలిచిన రామానుజన్ తన సూత్రాలన్నీ ఆ తల్లి ప్రసాదమనే నమ్మాడు. ప్రసాదాన్ని సొరుగులో దాచుకోలేం కదా.

1913 మేలో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల ఉపకారవేతనం ఇచ్చాకే పోర్టు కొలువు నుంచి బయటికొచ్చాడు. మరుసటేడు మార్చి 17న ఇంగ్లండుకు ఓడెక్కాడు. అంతకుముందు కేంబ్రిడ్జిలోని గణితవేత్తలు బేకర్‌కు, హాబ్సన్‌కు ఉత్తరాలు రాస్తే ఫలం కనిపించలేదు. 1913 జనవరి 16 తేదీ వేసి అక్కడి మరో గణితవేత్త హార్డీకి రాశాడు. ఆ ఉత్తరంలో తనను తాను పోర్ట్ ట్రస్టు గుమాస్తాననే పరిచయం చేసుకున్నాడు. జవాబు కోసం చూస్తున్న ఆ రోజుల్లోనూ వేళకు పోర్టు ఆఫీసుకు వెళ్లి పద్దులు రాస్తూనే ఉన్నాడు.