సామాజికుని సమ్మతి: ఒక భావసంక్రమణ ప్రయోగంపై నైతిక విచారణ

అలంకారశాస్త్రంలో ‘సామాజికుడు’ అంటే నాటకం చూడడానికి సభకు వచ్చినవాడు. తాను చూస్తున్నది నాటకమని అతనికి తెలుసు. రంగస్థలంపై శోకాన్ని చూసి కంటతడి పెట్టినా, ఆ తడికి అతని అంగీకారం ఉంది. సామాజిక మాధ్యమంలో చదివే మనిషికి ఈ ఎరుక ఉందా? అతనికి తెలియకుండా అతని మనఃస్థితిని కదిలించి చూడడం పరిశోధనగా చెల్లుతుందా? ఈ ప్రశ్నను ఒక ప్రసిద్ధ ప్రయోగం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2014 జూన్‌లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో ఆడమ్ క్రామర్, జేమీ గిల్లరీ, జెఫ్రీ హాన్‌కాక్ ఒక పత్రం ప్రచురించారు. వీరిలో క్రామర్ ఫేస్‌బుక్ ఉద్యోగి. 2012 జనవరిలో ఒక వారం పాటు, ఆంగ్లంలో ఫేస్‌బుక్ చూసే 6,89,003 మందిని ప్రయోగంలోకి తీసుకున్నారు. కొందరి న్యూస్ ఫీడ్‌లో మిత్రుల సంతోషపు రాతలను తగ్గించారు. మరికొందరికి విషాదపు రాతలను తగ్గించారు. దాచిన రాతలు చెరిగిపోలేదు, మిత్రుల గోడలపై అలాగే ఉన్నాయి. సంతోషం తగ్గినవారి సొంత రాతల్లో సంతోషపదాలు తగ్గి, ప్రతికూల పదాలు పెరిగాయి. రెండో వర్గంలో ఇందుకు విపర్యయం కనిపించింది. ముఖాముఖి లేకున్నా భావం ఒకరినుంచి ఒకరికి సోకుతుందని పత్రం తేల్చింది.

సాహిత్య విద్యార్థికి మొదట తట్టే సందేహం కొలత గురించి. ఒక రాతలో కనీసం ఒక అనుకూల పదం ఉంటే అది అనుకూలం, ప్రతికూల పదం ఉంటే ప్రతికూలం. పదాలను లెక్కించింది కంప్యూటర్ ప్రోగ్రాం. ‘సంతోషంగా లేను’ అనే వాక్యంలో సంతోషం ఉందా, లేదా? కాకువును, వ్యాజస్తుతిని ఏ పట్టికలో చేర్చాలి? రాముణ్ణి నిలదీసిన కంచెర్ల గోపన్న కీర్తనలను ఇటువంటి లెక్కకు అప్పగిస్తే, భక్తి అంతా కోపం ఖాతాలో పడుతుంది. పదం వేరు, భావం వేరు అన్నది మన విమర్శకు కొత్త సంగతి కాదు. పైగా ఆ ఫలితం కూడా అత్యల్పం. వెయ్యి పదాలకు సగటున ఒక్క భావపదం తగ్గిందని క్రామరే తరువాత వివరించాడు.

ఫలితం అల్పం కనుక తప్పూ అల్పమే అనే వాదం ఇక్కడినుంచే పుడుతుంది. ఇది నిలబడదు. ఫలితం ఎంత ఉంటుందో ప్రయోగానికి ముందు ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ప్రయోగమే అవసరం లేదు. ఫలితాన్ని చూశాక దొరికిన ఊరటను ముందటి నిర్ణయానికి సమర్థనగా చూపడం తర్కదోషం. ఆ ఆరు లక్షల పైచిలుకు మందిలో ఆ వారం ఎవరు ఏ దుఃఖంలో ఉన్నారో పరిశోధకులకు తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ లేదు.

సమ్మతి మాటేమిటి? ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకొనే డేటా వినియోగ విధానమే సమ్మతి అని పత్రం చెప్పుకుంది. అయితే ఆ విధానంలో ‘పరిశోధన’ అన్న మాట ప్రయోగం ముగిశాక, 2012 మేలో చేరిందని పత్రికలు బయటపెట్టాయి. సంస్థ తన అవసరానికి చేసుకున్న ప్రయోగం కనుక తమ మానవ పరిశోధన నిబంధనల పరిధిలోకి రాదని కార్నెల్ విశ్వవిద్యాలయం భావించింది. 2014 జులైలో ఆ పత్రిక సంపాదకీయంగా ఆందోళన ప్రకటించింది. ప్రైవేటు సంస్థ ప్రభుత్వ నియమాలకు బద్ధం కాకపోయినా, సమాచారం సేకరించిన తీరు సమ్మతి సూత్రాలతో పూర్తిగా పొసగకపోయి ఉండవచ్చన్నది దాని సారాంశం. చట్టం వదిలేసిన చోట నీతి కూడా వదిలేస్తుందా అన్న ప్రశ్న ఆ ప్రకటనలో స్పష్టంగా రాలేదు.

ముందే చెబితే ఫలితం చెడుతుందన్న అభ్యంతరం బలమైనదే. మనస్తత్వ పరిశోధనలో దీనికి పాత పరిష్కారం ఉంది: ప్రయోగం ముగిశాక విషయం చెప్పి, వద్దంటే సమాచారం తొలగించడం. ఇక్కడ అదీ జరగలేదు. ఫేస్‌బుక్ రోజూ ఏదో ఒకటి వడకట్టే చూపుతుంది కదా అనేవారూ ఉన్నారు. నిజమే. కాని వ్యాపారి అలవాటు విద్యావేత్తకు ప్రమాణం కాలేదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణంలో శోకం ‘నాది, పరునిది’ అన్న హద్దు దాటుతుంది. అందుకే అది ఆస్వాద్యం. ఫీడ్‌లో మిత్రుని దుఃఖం ఆ మిత్రునిదే. అది లౌకికం. దాన్ని దాచినా, ముందుకు తెచ్చినా తాకేది ఒక మానవ సంబంధాన్ని.

ఈ చర్చ తెలుగు శాఖలకు దూరమైనది కాదు. సామాజిక మాధ్యమాల్లోని కవిత్వం, వ్యాఖ్యలు, మాండలికం నేడు సిద్ధాంతగ్రంథాలకు సామగ్రి కాగలవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. చట్టం ఇచ్చిన వెసులుబాటుతో విచారణ ముగిసిందనుకోవడం కార్నెల్ చేసిన పొరపాటే. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి అతని పుట్టినరోజున తన గోడపై నాలుగు వాక్యాలు రాసిందనుకుందాం. స్మృతిసాహిత్యంపై పనిచేసే పరిశోధకునికి అవి అమూల్యం. రాత బహిరంగమే, ఆమె సంబోధించింది మాత్రం కొడుకును, పరిశోధకుణ్ణి కాదు. పేరు తీసివేసినా ఆ వాక్యాన్ని యథాతథంగా ఉటంకిస్తే, వెతికే ఎవరినైనా అది ఆమె గోడ దగ్గరికే తీసుకువెళ్లగలదు.