భాగాలు మారిన రంపం, అవయవి వాదం

చెట్లు కోసే చైన్‌సాకు మరమ్మతు అంటే చాలావరకు అరిగినదాన్ని తీసి కొత్తది బిగించడమే కనుక, కొన్నేళ్లలో చైన్, గైడ్ బార్, స్ప్రాకెట్, స్పార్క్ ప్లగ్, చివరకు పిస్టన్ కూడా మారిపోయిన యంత్రాన్ని యజమాని ఏ ఆధారంతో తన పాత రంపమే అంటున్నాడన్న ప్రశ్న వస్తుంది. భారతీయ దర్శనాలలో ఇది అవయవిని, అంటే భాగాలన్నీ కూడి ఏర్పడిన మొత్తం వస్తువును, గురించిన వివాదం.

న్యాయవైశేషికుల మతంలో అవయవి భాగాల కుప్ప కాదు. సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఆ భాగాలలో నిలిచి ఉండే వేరొక ద్రవ్యం. అందుచేత ఒక్క భాగం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని వారు ఒప్పుకోక తప్పలేదు. ముక్క చినిగిన వస్త్రాన్ని ఖండపటమనే కొత్త వస్త్రంగా లెక్కించడం ఇందువల్లనే. ఆ లెక్కన ప్లగ్ మార్చిన ప్రతిసారీ కొత్త రంపం పుట్టినట్టే. మరి 'ఇది అదే' అనే గుర్తింపు, అంటే ప్రత్యభిజ్ఞ, ఎలా కలుగుతుందంటే, ఇద్దరు రోగులు వేర్వేరు మోతాదులు తీసుకున్నా అదే మందు అన్నట్టు, సజాతీయత వల్ల అని కొన్ని చోట్ల వారిచ్చే సమాధానం. ఇది ఇక్కడ చాలదు: దుకాణంలో ఉన్న అదే మోడల్ రంపం కూడా సజాతీయమే, దాన్ని ఎవరూ తనదనుకోరు.

బౌద్ధుల దారి వేరు. మిలింద పన్హలో నాగసేనుడు రథాన్ని భాగాలుగా విడదీసి చూపి, రథమన్నది ఆ భాగాలను ఆశ్రయించుకుని ఏర్పడిన వ్యవహారనామం మాత్రమేనని మిలింద రాజును ఒప్పిస్తాడు. ఏడో శతాబ్దపు చంద్రకీర్తి మరో అడుగు వేసి, భాగాల సముదాయం కూడా రథం కాదన్నాడు. విప్పి బల్ల మీద పరిచిన రంపం కట్టె కోయదు గదా! అయితే వ్యవహారనామమంటే ఇష్టం వచ్చినట్టు పెట్టిన పేరని అనుకుంటే పొరపాటు. చైన్ లింకులు రివెట్ల దగ్గర అరిగి సాగుతున్నకొద్దీ స్ప్రాకెట్ పళ్లు కూడా వాటికి తగ్గట్టే అరుగుతాయి. అలా అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే అది సరిగా కూర్చోక త్వరగా పాడవుతుంది కాబట్టే, రెండు చైన్లకొకసారి స్ప్రాకెట్ మార్చడం మెకానిక్కులలో వాడుక. కొత్త చైన్ మంచిదా కాదా అన్నది దానిలో మాత్రమే లేదు. ప్రతీత్యసముత్పాదమంటే, ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి ఏర్పడడమంటే, ఇదే.

దోషాన్ని వెతికే పద్ధతి కూడా ఈ మాటనే బలపరుస్తుంది. పెచ్చులకు బదులు పిండిలాంటి పొట్టు రాలితే పళ్లు మొద్దుబారాయని సాధారణంగా ఊహిస్తారు. స్టార్ట్ కాని ఇంజనుకు మంచి ప్లగ్ వేసి, తిరిగి పాతది వేసి చూడడం అన్వయ వ్యతిరేకాల పరీక్షే. అంటే కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం, లేనప్పుడు లేకపోవడం. కోత ఒక పక్కకు వంకరపోవడం మాత్రం మరింత ఆసక్తికరం, ఎందుకంటే ఆకురాయితో కుడి పళ్లను ఎక్కువ రాసినందువల్ల అవి పొట్టివైతే, లోపం కుడి పంటిలోనూ లేదు, ఎడమ పంటిలోనూ లేదు, వాటి తేడాలో ఉంది.

భాగాలు మారినా వస్తువు అదే అనడానికి లోపలి సారాన్ని ఆధారం చేసుకునే దారీ ఉంది. పూరీలో 2015లో జరిగిన నవకళేబరంలో, అంటే పాత మూర్తుల స్థానంలో కొత్తవి నిలిపే ఉత్సవంలో, దేవతల దారుమూర్తులన్నీ మారినా, బ్రహ్మపదార్థాన్ని పాత మూర్తి నుంచి కొత్తదానికి మార్చడం వల్ల దైవం అదేనని సంప్రదాయం నమ్ముతుంది. రంపంలో అలాంటి సారం లేదు. క్రాంక్‌కేసు మీది నెంబరు రికార్డులకు పనికొస్తుందంతే. కనుక రంపం వరకు నాగసేనుడి సమాధానమే సరైనది. జీవుడి విషయంలో అదే చాలునా అన్నది ఈ దృష్టాంతం తేల్చలేదు: చూసినవాడే తాకుతున్నాడన్న అనుభవం ఆధారంగా న్యాయసూత్రాల మూడో అధ్యాయం ఆత్మను నిరూపించబూనుతుంది, రంపానికి ఆ అనుభవం లేదు.