బిడ్డలకు మాట యిచ్చుట

సింహాచలమున మెట్లదారి మొదలగు చోటును తొలిపావంచా యందురు. ఆషాఢ పౌర్ణమికి ముందు గిరిప్రదక్షిణము చేయువారు అచ్చట కొబ్బరికాయ కొట్టి బయలుదేరుదురు. ఒకనాడు ఆ చోట నాలుగేండ్ల బాలుడొకడు తల్లి కొంగు పట్టుకొని “పావంచా అంటే ఏటి?” అని యడిగెను. “ఏటి కాదురా, ఏమిటి అనాలి” అని యామె దిద్దెను. వాడు “ఏమిటి” అని యప్పగించి యూరకుండెను. పావంచా యనగా మెట్టు అని వానికి చెప్పినవారు లేరు. ప్రక్కనే నిలిచి చెప్పక యూరకున్న నాకును ఇందు పాలున్నది.

ఆ తల్లి చదువుకొన్నది. బిడ్డ బాగుపడవలెనని కోరునది. మన యిండ్లలో నిత్యము జరుగునదియే ఆమె చేసినది. కాని న్యాయమెంచి చూడుడు. బాలుడు అడిగినదొకటి, పొందినది మరియొకటి. అడుగుటకు తనకున్న మాటయే తప్పని తెలిసికొన్నవాడు మరల అడుగుటకు జంకును. అడుగనివానికి మాటలెట్లు వచ్చును? ‘ఏటి’ యనునది ఉత్తరాంధ్రమున తరతరములుగా వచ్చుచున్న పలుకు. దానిని హీనమనుట, నేర్పిన అమ్మమ్మను హీనురాలనుటయే. ‘ఏమిటి’ని నేర్వవలదని నా వాదము కాదు. తల్లి మొదట మెట్టును చూపి, పిదప తన మాటలలో ‘ఏమిటి’ యని పలుకుచుండినచో పసిచెవి దానిని తానే పట్టుకొనును.

గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ఈ యుత్తర సీమవాడే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింప బూనెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. సవర బిడ్డ పలుకునకు అంతటి మర్యాద చేసిన ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పిల్లలచే వేదికపై పద్యములు చదివించి, యింటికి వచ్చి ‘ఏటి’ యన్నందుకు కసరుకొనుచున్నాము. (గ్రాంథికమున ఈ మాట వ్రాయుటకు నాకును కొంత సంకోచముగానే యున్నది.)

మాటలను పట్టికవేసి వల్లింపజేయుటలో నాకు నమ్మకము తక్కువ. కొండమీది చందనమునే చూడుడు. స్వామి వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూపమున దర్శనమిచ్చి మరల చందనము దాల్చును. అందులకై చెక్కను సానపై అరగదీయుదురు. మిరపకాయలను దంచుదురు, పచ్చడిని నూరుదురు, మినపపప్పును రుబ్బుదురు, కందులను తిరుగటిలో విసరుదురు. చేతి కదలిక మారినప్పుడెల్ల తెలుగున క్రియ మారినది. నేటి వంటయింట మీట నొక్కిన చాలును. పిల్లవానికి ‘మిక్సీ వేయుట’ యొక్కటే మిగిలినది. అయినను రోటిని మరల తెమ్మని నేననను. ఆ క్రియలన్నిటి వెనుక నడుము విరిగినది ఆడువారికి. మాట పోయెనని కన్నీరు పెట్టుకొను పురుషుడు ఆ పప్పు నెవరు రుబ్బిరో తలచుకొనవలెను.

మరియు, పాతపని పోయినచో క్రొత్తపని లేదా? విశాఖ ఉక్కుకర్మాగారమున ఇనుము కరగును, పొంగును, పోతపోయబడును, చల్లారును, సాగును. రేవున ఓడ లంగరు దించును, సరకు దిగును. ఇవియు మాటలే, చక్కని మాటలు. కాని పనినుండి వచ్చి, బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొని, నేడు నేనిది చేసితినని చెప్పు తండ్రు లెందరు? బిడ్డకు మాటలు రాలేదని తల్లి నడుగువారే గాని తండ్రి నడుగువారు లేరు. ఆ సాయంత్రపు పావుగంట ముచ్చటకు సమముగు పుస్తకమును నే నింతవరకు చూడలేదు.

నాటి బాలుడు తల్లి వెనుక మెట్లెక్కసాగెను. ఒక్కొక్క మెట్టుపై రెండు పాదములు మోపి నిలిచి, “పావంచా, పావంచా” అని తనలో తాననుకొనుచు పోవుచుండెను.