పాత కథ, కొత్త చూపు

కొత్తగా కలం పట్టినవారిని తరచుగా వెనక్కి లాగేది, తాము చెప్పదలచినది ఇంతకుముందే ఎవరో చెప్పేశారన్న బెంగ. దానికి అల్లసాని పెద్దన మనుచరిత్రను మించిన మందు తెలుగులో దొరకడం కష్టం. ఆ కావ్యంలోని గృహస్థు ప్రవరుడి కథ సంస్కృత మార్కండేయ పురాణంలో ఉంది, తిక్కన శిష్యుడైన మారన దానిని పెద్దనకు సుమారు రెండు శతాబ్దాల ముందే తెనిగించాడు. కనుక 16వ శతాబ్దంలో పెద్దన చేతికి వచ్చిన ఇతివృత్తం, అంటే కథావస్తువు, అప్పటికే రెండు భాషల్లో నలిగినదే. సిద్ధుడిచ్చిన పాదలేపం, అనగా కాళ్లకు పూసుకుంటే దూరతీరాలకు చేర్చే పసరు, హిమాలయపు మంచులో కరిగిపోవడం, ఇల్లు చేరే దారిలేక తిరుగుతున్న ఆ గృహస్థుకు వరూధిని అనే అప్సరస ఎదురుపడడం, ఇవన్నీ పాతవే. పెద్దన సొంతం చేసుకున్నది ఆ తరువాతి క్షణాలను: దారి అడగవచ్చిన మనిషి తత్తరపాటునూ, అడిగినదానికి బదులివ్వక మాట కలిపే స్త్రీ చనువునూ ఆయన ఎంత నింపాదిగా, ఎంత దగ్గరగా చూశాడంటే, పురాణంలో మనువు పుట్టుకకు దారితీసే ఒక ఘట్టంగా ఉన్నది, ఒకే కథను వర్ణనలతో విస్తరించి నడిపే ప్రబంధమనే ప్రక్రియకు ఒరవడి అయింది. పండితులు మారన, పెద్దనల గ్రంథాలను పక్కపక్కన ఉంచి పోలికలు ఎత్తిచూపుతూనే ఉన్నారు. అయినా ప్రవరుడి పేరు వినగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది పెద్దనే.