గోడకెక్కని తాతలు

మీ తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారని మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. అయితే అరబ్బు దేశం నుంచి, కాకపోతే నవాబుల దేవిడీ నుంచి. మాలోనూ కొందరికి ఆ రెండో జవాబంటే ముచ్చట. పాత భవనాల గోడల మీది తస్వీర్లు ఏమయ్యాయో, ఎవరు పట్టుకుపోయారో ఆరా తీస్తుంటారు. ఆరా తీయాల్సిందే. అయితే ఎవరి గురించి?

హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీనే తీసుకుందాం. నిజాం సొమ్ముతో దాన్ని కట్టించిన రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాను నిఖా చేసుకున్నాడు. వాళ్ల పిల్లలు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. నాలుగేళ్ల కొడుకునీ, మూడేళ్ల కూతుర్నీ 1805లో ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఎక్కించేముందు మద్రాసులో జార్జి చిన్నరీ వాళ్ల బొమ్మ గీశాడు. ఒంటి మీద హైదరాబాదు దుస్తులు. సముద్రం దాటాక బాప్తిస్మం ఇచ్చి విలియం, క్యాథరిన్ అని పేర్లు మార్చారు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. 1813లో కన్నుమూసింది. ఆ బొమ్మ మాత్రం తర్వాత రెసిడెంటుగా పనిచేసిన హెన్రీ రస్సెల్‌కు దక్కి, ఇంగ్లండులో అతని ఇంటి గోడకెక్కింది. ఎన్నో ఏళ్లకు అక్కడ దాన్ని చూసి ఆ కూతురు భోరున ఏడ్చింది. చివరికది హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సొత్తయింది.

ఆ బొమ్మ ఎవరిది? కొన్నవాళ్లదని చట్టం అంటుంది. సరే, గుడ్డా రంగులూ వాళ్లవే. కానీ ఆ పిల్లల్ని అమ్మ పిలిచిన పేర్లతో పిలిచే హక్కు ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. ఆ హక్కు ఈ ఊరిదని మేమంటాం.

అక్కడితో ఆగితే మాత్రం సగం నిజమే చెప్పినట్టు. ఆ బొమ్మలో తల్లి లేదు. పిల్లల్ని ఎత్తుకుని పెంచిన ఆయాలు లేరు. ఆ భవనానికి రాళ్లు మోసినవాళ్లు లేరు. మా తాతల్లో ఎక్కువమంది ఇలా చట్రం బయటివాళ్లే. దూది ఏకినవాళ్లు, టాంగా తోలినవాళ్లు, కౌలుకు దున్నినవాళ్లు. వాళ్ల తస్వీర్లు ఏ గోడ మీద నుంచీ ఎవరూ తీసేయలేదు. అసలు పెడితేగా! తీసేసినదాన్ని తిరిగి పెట్టమనడం తేలిక. ఎన్నడూ పెట్టనిదాన్ని పెట్టమనడమే కష్టం.

1949లో ఆ భవనం ఆడపిల్లల కాలేజీ అయింది. ఆ కాలేజీయే మహిళా విశ్వవిద్యాలయంగా మారి, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఏ రెసిడెంటూ, ఏ నవాబూ కలలోనైనా అనుకోని పేరది. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడిన మనిషి ఆమె. అదే దేశ్‌ముఖ్‌ను ధిక్కరించి, కోర్టుకెక్కి, అతని గూండాల చేతుల్లో హతమైన రైతు షేక్ బందగీ. ‘మాభూమి’ నాటకానికి ప్రేరణ ఆయన కథే.

మా తాత ఎవరని అడిగితే మేము బందగీ పేరు చెబుతాం. ఖైరున్నీసా కూడా మాకు కావలసిన మనిషే. దేవిడీలో పుట్టినందుకు కాదు, బిడ్డల్ని పోగొట్టుకున్నందుకు.

పోయిన తస్వీర్లను వెతుకుదాం. దొరికిన ప్రతిదాని ముందూ నిలబడి, ఇందులో ఎవరు లేరని కూడా అడుగుదాం. ఐలమ్మను తమ అవ్వగా చెప్పుకునేవాళ్లు మాతో గొంతు కలిపితే ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది.