చిన్న నాబ్‌కు కూడా జాగ కావాలె

బిడ్డా,

నువ్వు గీసి పంపిన ప్యానెల్ బొమ్మ నిమ్మళంగ చూసిన. ఒగ్గు కథ చెప్పే నీ సోపతుల కోసం మిక్సర్ నీ చేతులతోనే కడుతున్నవంటే మస్తు సంతోషమైంది. సర్క్యూట్ ముచ్చట నీకే బాగ తెలుసు, దాంట్ల నేను చెయ్యి పెట్ట. నేను చెప్పేదల్ల ముందర కనపడే ఆ రేకు గురించి.

నాలుగు మైకులు. ఒక్కో మైకుకు వాల్యూమ్, బాస్, ట్రెబుల్, ఎకో. మొత్తం 16 నాబ్‌లు. రేకు చూస్తే 15 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు. వరుసకు ఎనిమిది లెక్కన రెండు వరుసలు పెట్టి, కింద "చిన్న నాబ్‌లు దొరుకుతయి తాతా, అన్నీ పడతయి" అని రాసినవ్. పడతయి, నేను కాదంట లేను. వాటిని తిప్పే వేళ్ళు ఎక్కడ పడతయన్నదే నా రంది.

లెక్క కట్టి చూడు. 150 మిల్లీమీటర్లను ఎనిమిది పాళ్ళు చేస్తే ఒక్కో నాబ్‌కు 19 మిల్లీమీటర్లు కూడా రాదు. 13 మిల్లీమీటర్ల నాబ్ పెట్టినా, పక్క నాబ్‌తోని సందు ఆరు మిల్లీమీటర్ల లోపే. నీ చూపుడు వేలు దానికి రెండింతల కన్నా లావుంటది. బొటనవేలు ఒక దిక్కు, చూపుడు వేలు ఒక దిక్కు పెట్టి తిప్పంగనే పక్కది కూడా కదులుతది. ఇంట్ల బల్ల మీద, లైటు కింద అయితే సర్దుకోవచ్చు. గని ఈ డబ్బా పోయేది తీగుల్ నర్సాపూర్‌కు, కొండపోచమ్మ తల్లి దగ్గరికి. అక్కడ రాత్రిపూట, డోలు మోగుతుంటే, పసుపు చేతులతోని ఎవరో ఒకరు తిప్పుతరు. డోలు మైకు తగ్గించబోతే కథ చెప్పేటాయన గొంతు మాయమైతది. అప్పుడు మాటలు పడేది నువ్వే.

చిన్న నాబ్‌తోని ఇంకో చిక్కుంది, దాన్ని చానామంది పట్టించుకోరు. నాబ్ కింద ఉండే పాట్ (పొటెన్షియోమీటర్) ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేది సుమారు 300 డిగ్రీలు. 13 మిల్లీమీటర్ల నాబ్ అంచు మీద వేలు నడిచే దూరం ఆ తిరుగుడు మొత్తానికి 34 మిల్లీమీటర్లు. అదే 24 మిల్లీమీటర్ల నాబ్ అయితే 63 దాకా వస్తది. అంటే చిన్న నాబ్ మీద వేలు జర జారినా గొంతు ఎక్కువ మారుతది. మెల్లగ సర్దుకోవాల్సిన వాటికి పెద్ద నాబే ఉండాలె. ఊళ్ళల్ల మైక్ సెట్ వాళ్ళ దగ్గర అహూజా యాంప్లిఫయర్ ముఖం ఒకసారి మంచిగ చూడు. నాబ్‌లు తక్కువే, నడుమ జాగ ఎంత వదిలిన్రో చూడు.

అందుకే ముందుగాల ఒక మాట అడుగుత. ఈ 16ల, కథ నడుస్తుంటే చెయ్యి పెట్టాల్సినవి ఏవి? వాల్యూమ్, ఎకో. అంతే కదా. బాస్, ట్రెబుల్ ఒక్కో మైకుకు ఒకసారి సరిచేసినంక మళ్ళ ముట్టుకునే పనే లేదు. ఆ ఎనిమిదింటికి లోపట బోర్డు మీద ప్రీసెట్‌లు పెట్టు, వెనుక రేకుకు సన్న తూట్లు చేస్తే స్క్రూడ్రైవర్ తోని తిప్పుకోవచ్చు. ఇంకోటి, నీ బొమ్మల మాస్టర్ వాల్యూమ్ ఏది? మొత్తం మోత ఒక్కసారి తగ్గించాల్సి వస్తే నాలుగు నాబ్‌ల కోసం తడుముకోవద్దు. కింది వరుసల నాలుగు వాల్యూమ్‌లు, కుడి కొసకు మాస్టర్ పెట్టు. ఐదింటికి తలా 30 మిల్లీమీటర్లు వస్తది. 20 మిల్లీమీటర్ల నాబ్‌లు పెట్టినా నడుమ 10 మిగులుతది. పై వరుసల నాలుగు ఎకోలకు నీ చిన్న నాబ్‌లే పెట్టు, కింది వాటి నెత్తి మీద కాకుండ వాటి సందుల మీదికి వచ్చేటట్టు. వాటి నడుమ 17 మిల్లీమీటర్లు దొరుకుతది.

అన్నీ ముందరే ఉండాలంటే ఎట్ల అని అడుగుతవేమో. జర్మనీల డీటర్ డోప్ఫర్ 1995ల ఎ-100 అని సింథసైజర్ ముక్కల వరుస తెచ్చిండు. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతది. నాలుగు పాళ్ళ ముక్క అంటే 20 మిల్లీమీటర్లే, దాంట్లనే నాబ్‌లు కిందికీ మీదికీ పేరుస్తరు. అసొంటి కాడ సన్నగ, పొడుగ్గ ఉండే నాబ్‌లు పనికొస్తయి. వాటి కొసను పట్టుకుంటరు గనుక వేళ్ళు పక్క నాబ్‌ల నెత్తి మీద ఉంటయి. చిన్నగ, పొట్టిగ ఉన్నవి మాత్రం కొనకు.

ఇగ బిగించే పని. రేకుకు తూట్లు పెట్టకముందే అట్ట ముక్క మీద అదే కొలతతోని చేసి, పాట్‌లు ఎక్కించి, మీ అమ్మతోని ఒకసారి తిప్పించు. నీ చేతికి అలవాటైంది ఇంకొకరి చేతికి అలవాటు కాదు. పాట్ ముఖం మీద గొట్టం పక్కన చిన్న నాలుక లెక్క రేకు ముక్క ఉంటది. దాన్ని విరిచి పారెయ్యకు, దానికోసం రేకుకు ఇంకో సన్న తూటు పెట్టు. అది లేకుంటే నట్టు వదులైన రోజు పాట్ మొత్తం గుండ్రంగ తిరిగి వెనుక తీగలు తెగుతయి. చిన్న నాబ్ కింద నట్టు దాగదు గనుక, రేకు వెనుక ఇంకో నట్టు వేసి గొట్టాన్ని కిందికి దించు. ముందర నట్టు పట్టేంత మర మాత్రమే ఉండాలె, అప్పుడు నాబ్ కూడా ఎత్తు మీద కూసోదు.

షాఫ్ట్ పొడుగైతే ఆక్సా బ్లేడుతోని కొయ్యి. కోసి పారేసే కొసను వైస్‌ల పట్టించాలె, పాట్‌ను కాదు. కోసేటప్పుడు రజను లోపటికి పోకుండ పాట్‌కు గుడ్డ చుట్టు. డి ఆకారం షాఫ్ట్ అయితే నాబ్ పక్కన ఉండే గ్రబ్ స్క్రూ చదును మీదనే పడాలె. పళ్ళున్న షాఫ్ట్‌కు ఒత్తి ఎక్కించే నాబ్ కొను. దాని మీద స్క్రూ బిగిస్తే పళ్ళు నలిగి నాబ్ వంకర తిరుగుతది.

స్క్రూ బిగించే ముందు నాబ్ కింద పాత శుభలేఖ ముక్క ఒకటి దూర్చు. బిగించినంక గుంజెయ్యి. ఆ మందమే సందు మిగులుతది, నాబ్ రేకును రాకదు. పాట్‌ను ఎడమకు పూర్తిగ తిప్పి గీతను గడియారంల ఏడు మీద పెట్టు, కుడి కొసకు ఐదు మీదికి వస్తది. నల్ల నాబ్ మీద తెల్ల గీత పక్కల మీదికి కూడా దిగి ఉండాలె. నెత్తి మీద మాత్రమే ఉంటే పక్కకు కూసున్నోనికి కనపడదు.

నాబ్‌లు కొనేందుకు కోఠి గుజరాతీ గల్లీకి పోయినప్పుడు పాట్‌ను జేబుల వేసుకోని పో. షాఫ్ట్‌లల్ల 6 మిల్లీమీటర్లవి ఉంటయి, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లవి ఉంటయి. కండ్లకు రెండూ ఒక్కతీరే కనపడతయి. పెద్ద తూటు నాబ్ సన్న షాఫ్ట్ మీద ఊగుతది, చిన్నదేమో ఎక్కనే ఎక్కదు. దుకాణంలనే ఎక్కించి చూసి కొను. ఒక్కో తీరుది రెండు ఎక్కువ తీసుకో, మళ్ళ పోతే అదే రకం దొరకకపోవచ్చు. ఆ గ్రబ్ స్క్రూకు సరిపోయే ఎల్ కీ కూడా కొని, డబ్బా మూత లోపట టేపుతోని అంటించి పెట్టు.