మతబోధా, మనస్సాక్షీ

బడిలో మతబోధ ఉండవచ్చునా అన్న ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. మతం ఎవరికి వారిది, బడి అందరిదీ, కాబట్టి ఉండరాదు. నేనూ చాలాకాలంగా ఇదే చెబుతూ వచ్చాను. ఈ సమాధానం నిజమైనదే. కాని సులువైనది కూడా. సులువైన సమాధానాన్ని ఒక్కొక్కప్పుడు సొంత అనుభవమనే ఒరగల్లు మీద గీసి చూడవలసి వస్తుంది.

నేను రాజాం ప్రాంతంలో ఒక కథోలిక హైస్కూల్లో చదువుకున్నాను. వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం గంట కొట్టగానే మా తరగతి రెండుగా చీలేది. కథోలిక పిల్లలు సత్యోపదేశానికి గుడి వరండాలోకి వెళ్ళేవారు. మిగిలినవాళ్ళం గదిలోనే కూచుని నీతిబోధ వినేవాళ్ళం. వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ పేట పిల్లలు. ఉండిపోయేవాళ్ళం షావుకార్ల పిల్లలం, రైతుల పిల్లలం, ఉద్యోగుల పిల్లలం. మమ్మల్ని ఎవరూ మతం మారమనలేదు, బలవంతాన ప్రార్థన చేయించలేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక షావుకారు గారి అబ్బాయి కొత్త జామెట్రీ బాక్సు పోయింది. తీసినవాణ్ణి నేను. వెతకడం మాత్రం చివరి బెంచీ నుంచి మొదలయింది. అక్కడ కూచునేది పేట పిల్లలు. నా మిత్రుడి సంచీ రెండుసార్లు దులిపారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకే వాడికి దెబ్బలు పడ్డాయి, ఎక్కడ దాచావో చెప్పమని. నేను నోరు విప్పలేదు. నేను తీయడం వాడు చూశాడు. వాడూ నోరు విప్పలేదు. కొన్నాళ్ళ తరవాత, ఎందుకు చెప్పలేదురా అని అడిగితే ఒకటే మాట అన్నాడు: “నువ్వే సెప్తావనుకున్నాను.”

ఈ మాటలోనే నా ప్రశ్న ఉంది. వరండాలో వాడికి ఆత్మశోధన నేర్పారు. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు చేసిన తప్పులు లెక్క చూసుకోవాలని, తప్పు చేసినవాడే తన నోటితో ఒప్పుకోవాలని నేర్పారు. వాడు ఆ పాఠాన్ని నమ్మాడు. నాకూ అంతరాత్మ ఉంటుందని, అది నా చేత చెప్పిస్తుందని ఎదురుచూశాడు. గదిలో నాకు నేర్పింది నీతికథలు. పరీక్షలో దొంగతనం తప్పని రాసి మార్కులు తెచ్చుకున్నాను. నాది నీతి తెలిసిన నోరు, అంతే.

మతబోధను కొట్టివేసే భౌతికవాదిగా నేను మొట్టమొదట ఒప్పుకోవలసింది ఇది. ఆ పీరియడులో నా మిత్రుడికి దొరికినది ఏదో నాకు దొరకలేదు.

మరి అంతటితో ఆగుదామా? ఆగలేం. తెలుగు కథోలికులు పాపాన్ని గురువుకు చెప్పుకోవడాన్ని పాపసంకీర్తనం అంటారు. మన భక్తి సాహిత్యంలో సంకీర్తనం దేవుడి గుణాలను పాడటం. ఇక్కడ ఆ మాట మనిషి తన దోషాలను చెప్పుకోవడమయింది. చాలా గొప్ప మార్పు. కాని ఆ చెప్పుకోవడం దేవుడికి, దేవుడి తరఫున గురువుకు, రహస్యంగా జరుగుతుంది. దెబ్బలు తిన్నవాడు ఆ గదిలో ఉండడు. దొంగిలించింది తిరిగి ఇవ్వాలని కథోలిక సిద్ధాంతం కూడా గట్టిగానే చెబుతుంది. కాబట్టి నేను కథోలికుణ్ణే అయి ఉంటే బాక్సు తిరిగి ఇచ్చి ఉండేవాణ్ణేమో, అబద్ధపు మౌనానికి పశ్చాత్తాపపడి ఉండేవాణ్ణేమో. అయినా ఒకటి మిగిలిపోతుంది. వెతకడం చివరి బెంచీ నుంచే ఎందుకు మొదలయింది?

దొంగతనానికి దొంగ ఉన్నాడు. ఆ అనుమానానికి పాపి ఎవరు? వెతికిన మాస్టారు చెడ్డవాడు కాడు. ఆ రాత్రి ఆయన ఆత్మశోధన చేసుకున్నా, చివరి బెంచీ ఆయన లెక్కలోకి వచ్చి ఉండదు. తరగతిలో ఎవరి లెక్కలోకీ రాలేదు. అందరూ కలిసి చేసేది, ఎవరూ చేసినట్టు కనిపించనిది పాపాల పట్టికలో ఉండదు. దాని పేరు అన్యాయం. సత్యోపదేశం పాపాన్ని గురించి చెప్పింది, నీతిబోధ నడవడిని గురించి చెప్పింది. అన్యాయాన్ని గురించి చెప్పే పీరియడు మా బడిలో లేదు.

చట్టం ఇక్కడ మనకు ఎంత సహాయం చేస్తుందో చూద్దాం. 1846లో అన్నెసీ నుంచి బయలుదేరిన కథోలిక గురువులు విశాఖపట్నంలో దిగారు. అదే ఏడాది మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథం చేద్దామంటే, తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి సభ జరిపి ఎదిరించాడు. ఆ ప్రతిపాదన సాగలేదు. నేటి రాజ్యాంగం 28వ అధికరణం ఆ తగాదాకు ఒక పరిష్కారం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న బడిలో పిల్లవాణ్ణి సంరక్షకుడి సమ్మతి లేకుండా మతబోధకు కూచోబెట్టకూడదు. ఇది విలువైన రక్షణ. ఇవాళ క్రైస్తవ పాఠశాలల గేట్ల ముందు నిలబడి కేకలు వేసేవారు, ప్రభుత్వ బడిలో సరస్వతి పటానికి కొబ్బరికాయ కొట్టినప్పుడు ఈ అధికరణాన్ని మరిచిపోతారు. మనం ఆ మరుపులో భాగం పంచుకోకూడదు.

కాని ఈ చట్టం చేయగలిగింది పిల్లల్ని విడదీయడం వరకే. నమ్మేవాళ్ళు వరండాలోకి, నమ్మనివాళ్ళు గదిలోకి. మా బడి చట్టాన్ని అక్షరాలా పాటించింది. ఆ పాటింపులోనే పేట ఒక పక్కా, ఊరు ఒక పక్కా అయింది.

ఇంకొక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఈనాటికీ చేర్చలేదు. ఆంధ్రదేశంలో వారు బి.సి.లలో ‘సి’ వర్గం, వారికున్న రిజర్వేషను ఒక శాతం. మతం మారినంత మాత్రాన చివరి బెంచీ మారలేదు గదా! అందుకే కొన్ని కుటుంబాల్లో పిల్లవాడికి రెండు పేర్లుంటాయి. జ్ఞానస్నానం పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. సత్యం చెప్పమని నేర్పే పీరియడుకు ఆ పిల్లవాడు తన పేరును దాచుకుని వస్తాడు. ఈ అబద్ధానికి పాపసంకీర్తనం చేయవలసింది వాడా, ఉత్తర్వు రాసినవారా?

ఇంతవరకూ మన మిత్రులు తల ఊపుతారని నాకు తెలుసు. ఇప్పుడు మన సంగతి. అన్యాయాన్ని గురించి మాట్లాడటంలో మనకు లోటు లేదు. వర్గాన్ని విశ్లేషిస్తాం, కులాన్ని విశ్లేషిస్తాం. కాని నేను ఆ విశ్లేషణ నేర్చుకున్నాక జామెట్రీ బాక్సు సంగతి నాకు బరువు తగ్గింది. అది వ్యవస్థ చేసిన పని అని నాకు నేను చెప్పుకున్నాను. వ్యవస్థ చేసింది నిజమే. అయితే బాక్సు వ్యవస్థ సంచీలో లేదు, నా సంచీలో ఉంది. మనకూ ఆత్మవిమర్శ అనే మంచి మాట ఒకటి ఉంది. అది తీర్మానం చివర ఒక వాక్యంగా మిగిలిపోయిన సందర్భాలు మీకు తెలియనివి కావు. వాళ్ళ సంకీర్తనం బాధితుడిదాకా రాకుండా ఆగితే, మన విమర్శ నేరస్థుడిదాకా రాకుండా ఆగుతుంది.

కాబట్టి మతబోధ పీరియడు ఎత్తివేసి దాని స్థానంలో హేతువాదం పీరియడు పెట్టడం నాకు చాలదనిపిస్తుంది. అలా చేస్తే నీతికథల్లాగే హేతువాదానికి కూడా మార్కులు వేస్తాం. తరగతి చీలని పీరియడు ఒకటి కావాలి. మతాలను గురించి తెలుసుకోవడం వేరు, మతాన్ని బోధించడం వేరని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తేడాను పాఠ్యగ్రంథాల మార్పులకు సమర్థనగా వాడుకోవచ్చునన్న భయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ భయం వల్ల దాన్ని వారికే వదిలివేయవద్దు. వరండా పిల్లలూ గది పిల్లలూ ఒకే బెంచీ మీద కూచుని, ఈ వారం మన తరగతిలో ఎవరికి ఏ అన్యాయం జరిగింది, అందులో నా వంతు ఎంత అని మాట్లాడుకునే పీరియడు అది. మొదటి సగం మనది, రెండో సగం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసినది.

నా మిత్రుణ్ణి ఈమధ్య రాజాం బజారులో కలిశాను. ఇన్నేళ్ళకు ధైర్యం చేసి, ఆనాడు తప్పు చేశానురా, క్షమించమన్నాను. వాడు నవ్వి, “నాకు సెప్పడవేట్రా? నాకు తెల్దేటి? తెల్దనోళ్ళకి సెప్పాల” అన్నాడు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆనాటి మా తరగతిలో కొందరు ఇప్పుడు ఉపాధ్యాయులు, ఈ పత్రిక చదువుతారు.